గుమ్మం, తాళంచెవి
స్వేచ్ఛా భౌగోళిక సాఫ్ట్‌వేర్‌లో కొత్తవారి స్థానం

1851లో కలకత్తా నుండి భూమాపన శాస్త్రం మీద ఒక బృహద్గ్రంథం వెలువడింది. 'మాన్యువల్ ఆఫ్ సర్వేయింగ్ ఫర్ ఇండియా' అనే ఆ గ్రంథానికి థూలియర్, స్మైత్ అనే ఇద్దరు ఆంగ్ల సైనికాధికారులు సంకలనకర్తలు. గణితపరమైన భాగాలు కొన్నింటిని రాధానాథ్ సిక్దార్ అనే బెంగాలీ గణకుడు సమకూర్చారని వారు పీఠికలో కృతజ్ఞతాపూర్వకంగా పేర్కొన్నారు. సిక్దార్ 1870లో కన్నుమూశారు. 1875లో వచ్చిన మూడవ ముద్రణలో ఆయన సమకూర్చిన విషయమంతా ఉంది. ఆయన పేరున్న పీఠిక మాత్రం లేదు. ఈ అన్యాయాన్ని మరుసటి ఏడాది 'ఫ్రెండ్ ఆఫ్ ఇండియా' పత్రికలో తీవ్రంగా నిరసించినవాడు మాక్డొనాల్డ్ అనే ఆంగ్ల అధికారి కావడం విశేషం.

సిక్దార్ 1831లో, ఇరవయ్యేళ్లు నిండని వయసులో, నెలకు 30 రూపాయల జీతం మీద మహా త్రికోణమితీయ సర్వేలో గణకునిగా చేరారు. 1802లో మద్రాసు సమీపాన లాంబ్టన్ ఆధారరేఖను కొలవడంతో ఆరంభమైన ఆ సర్వేకు అప్పటికి జార్జ్ ఎవరెస్టు అధిపతి. 'పదిహేనవ శిఖరం' అనే సంఖ్యతో మాత్రమే పిలువబడుతూ వచ్చిన ఒక హిమాలయ శిఖరం ప్రపంచంలోకెల్ల ఎన్నదగిన ఎత్తు గలదని 1852 ప్రాంతంలో తేల్చిన గణనలలో సిక్దార్‌ది ప్రధాన పాత్ర. 1856లో ప్రకటించిన ఆ ఎత్తు 29,002 అడుగులు. 1865లో శిఖరానికి ఎవరెస్టు పేరు స్థిరపడింది. సర్వే ద్విశతాబ్ది స్మారకంగా భారత తపాలా శాఖ సిక్దార్ చిత్రంతో బిళ్లను విడుదల చేసింది 2004లో. పీఠిక నుండి తొలగిన పేరు ప్రజల చేతికి తిరిగి రావడానికి దాదాపు నూట ముప్పై ఏళ్లు పట్టింది.

సిక్దార్‌కు పనిలో ప్రవేశం లభించింది. పనివారి సమాజంలో స్థానం లభించలేదు. ఈ రెండింటికీ నడుమ ఉన్న దూరమే ఒక పాత నైతిక ప్రశ్నకు మూలం. ఏదైనా ఒక విద్యలోకి, వృత్తిలోకి కొత్తగా వచ్చిన వ్యక్తి ఏ క్షణాన దానికి చెందినవాడవుతాడు? లోపలివారు అతనికి ఏమి బాకీ? అతడు వారికి ఏమి బాకీ? ఈ ప్రశ్న పటాల తయారీ రంగంలోనే, ఇప్పుడు మరొక రూపంలో, మళ్లీ ముందుకు వచ్చింది.

నేడు పటం కాగితం మీద కంటె ముందుగా కంప్యూటరులో రూపొందుతుంది. చెరువు ఆయకట్టు హద్దులు, తుఫాను తాకిడికి గురైన గ్రామాలు, నగరంలో మురుగు కాలువల మార్గాలు, అడవి విస్తీర్ణంలో వచ్చిన మార్పులు, ఇవన్నీ భౌగోళిక సమాచార వ్యవస్థ అనే సాఫ్ట్‌వేర్ సహాయంతోనే లెక్కకు వస్తున్నాయి. ఈ సాఫ్ట్‌వేర్‌లో ఒక భాగం వ్యాపార సంస్థల సొత్తు. మరొక భాగం ఓపెన్ సోర్స్ పద్ధతిలో తయారైనది. అనగా, ప్రోగ్రామును నడిపించే మూల రచనను ఎవరైనా చదవవచ్చు, తమ అవసరానికి మార్చుకోవచ్చు, మార్చినదాన్ని ఇతరులకు పంచవచ్చు. ఈ హక్కులను లైసెన్సు అనే న్యాయపత్రం కాపాడుతుంది.

ఇంగ్లీషులో ఉచితానికీ స్వేచ్ఛకూ ఒకే మాట ఉన్నందువల్ల ఈ ఉద్యమం మొదటి నుండి అపార్థాలకు గురి అయింది. తెలుగు ఆ విషయంలో అదృష్టవంతురాలు. ఆమెకు రెండు వేరు మాటలున్నాయి. ఉచితంగా దొరికినదాన్ని పుచ్చుకొని వెళ్లిపోవచ్చు. స్వేచ్ఛగా లభించినదాన్ని నిలబెట్టుకోవలసి ఉంటుంది. ఉచితం పుచ్చుకొనేవాని సంగతి; స్వేచ్ఛ పాలుపంచుకొనేవాని సంగతి. ఒకరు మొదటి స్థితి నుండి రెండవ స్థితికి ఎలా చేరుకుంటారు, ఆ ప్రయాణంలో లోపలివారి ధర్మమేమిటి అన్నదే ఇక్కడ విచారించదగినది.

చేతులు మారిన వారసత్వం

ఈ సాఫ్ట్‌వేర్ల చరిత్రను పరిశీలిస్తే ఒక విషయం స్పష్టపడుతుంది. 'గ్రాస్' అనే వ్యవస్థ నిర్మాణం 1982లో అమెరికా సైన్యపు నిర్మాణ ఇంజనీరింగ్ పరిశోధనశాలలో మొదలైంది. సైనిక స్థావరాల అధీనంలోని భూములను, వాటి పర్యావరణాన్ని చక్కగా నిర్వహించుకోవడం దాని ప్రథమ లక్ష్యం. 1990ల మధ్యకు వచ్చేసరికి ఆ పరిశోధనశాల ఈ పని నుండి విరమించుకొన్నది. ప్రభుత్వం చేతులెత్తేసిన పథకాలు సాధారణంగా దస్త్రాలలో నిద్రపోతాయి. గ్రాస్‌కు ఆ గతి పట్టలేదు. దాని మూల రచన బహిరంగంగా అందుబాటులో ఉన్నందున అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయం, జర్మనీలోని హానోవర్ విశ్వవిద్యాలయం దాన్ని చేపట్టాయి. మార్కస్ నెటెలర్ అనే జర్మన్ భూగోళ శాస్త్రవేత్త ఆ బాధ్యతలో ముందు నిలిచారు. 1999లో అది స్వేచ్ఛా లైసెన్సు కిందికి వచ్చింది. నాలుగు దశాబ్దాలు దాటిన ఆ వ్యవస్థ నేటికీ సజీవంగా ఉంది.

తక్కిన వాటి కథ కూడా ఇటువంటిదే. భిన్న రూపాలలోని ఉపగ్రహ చిత్రాలను, పటాల దత్తాంశాన్ని చదవగల జి.డి.ఎ.ఎల్. అనే గ్రంథాలయాన్ని ఫ్రాంక్ వార్మర్‌డామ్ 1998లో మొదలుపెట్టారు. కాలక్రమేణా దాని పోషణ భారం ఇతరుల చేతికి వెళ్లింది. దత్తాంశ నిధిలో స్థలాన్ని గురించిన ప్రశ్నలు వేయడానికి వీలు కల్పించే పోస్ట్‌జిస్ 2001లో కెనడాలోని ఒక చిన్న సంస్థ నుండి వచ్చింది. నేడు అత్యధికంగా వాడుకలో ఉన్న క్యూ.జి.ఐ.ఎస్. 2002లో అలాస్కాలో గ్యారీ షెర్మన్ అనే వ్యక్తి తన సొంత అవసరం కొరకు రాయడం మొదలుపెట్టిన చిన్న ప్రోగ్రాము. 2006లో ఈ కృషికంతటికీ ఒక వేదికగా ఓ.ఎస్.జియో అనే ప్రతిష్ఠానం ఏర్పడింది.

వీటన్నింటిలో సమానాంశం ఒకటి ఉంది. ఆరంభించినవారొకరు, నిలబెట్టినవారు వేరొకరు. నిలబెట్టినవారు ఒకనాడు బయటి నుండి వచ్చినవారే. ఒకరు తనకు కావలసిన పటం సరిగా రాక లోపాన్ని వెతుక్కుంటూ వచ్చారు. మరొకరు పరిశోధనా వ్యాసం కొరకు వచ్చారు. ఇంకొకరు సంస్థ వారు పంపితే వచ్చి, పని ముగిసినా వెళ్లలేకపోయారు. కనుక కొత్తవారిని రానివ్వడం పాతవారు చేసే దానమని భావించడం చారిత్రకంగా పొరపాటు. కొత్తవారు రాని చోట సాఫ్ట్‌వేర్ తన నిర్మాత ఆసక్తి ఉన్నంత కాలమే బ్రతుకుతుంది.

సహకర్త ఎలా అవుతాడు

బయటి నుండి చూచేవారికి ఈ సమాజాలు ప్రోగ్రామింగ్ మహావిద్వాంసుల సభలుగా కనిపిస్తాయి. వాస్తవం వేరు. ప్రవేశానికి మెట్లు చాలా ఉన్నాయి, వాటిలో కింది మెట్లకు ప్రోగ్రామింగ్ అవసరమే లేదు. మొదటి మెట్టు వాడకం. రెండవది వాడకంలో ఎదురైన లోపాన్ని ఇతరులు తిరిగి చూడగలిగేంత స్పష్టంగా నివేదించడం: ఏ సంచిక వాడారు, ఏ దత్తాంశంతో ప్రయత్నించారు, ఏ వరుసలో ఏమి నొక్కారు, రావలసినదేమిటి, వచ్చినదేమిటి. ఆ తరువాతివి వివరణ పుస్తకంలోని తప్పులు దిద్దడం, తమ భాషలోకి అనువదించడం, కొత్త సంచిక విడుదలకు ముందు పరీక్షించడం. మూల రచనలో మార్పు ప్రతిపాదించడం వీటి తరువాతిది. ప్రతిపాదించిన మార్పును అనుభవజ్ఞులు బహిరంగంగా పరిశీలిస్తారు, ప్రశ్నిస్తారు, సవరణలు కోరతారు, స్వీకరిస్తారు లేదా నిరాకరిస్తారు. చాలాకాలం నమ్మకంగా పనిచేసినవారికి మాత్రమే నేరుగా మార్పులు చేర్చే అధికారం దక్కుతుంది.

కొత్తవారి మొదటి ప్రశ్న తరచుగా చిన్నదిగా ఉంటుంది. ఒక ఉదాహరణ చాలును. హైదరాబాదు ఉత్తర అక్షాంశం సుమారు 17.4 డిగ్రీలు, తూర్పు రేఖాంశం సుమారు 78.5 డిగ్రీలు. ఒక విద్యార్థి ఈ రెండు అంకెలను నమోదు చేసి పటం తెరిస్తే బిందువు దక్కను పీఠభూమి మీద కాక, నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవులలో, మంచు నడుమ ప్రత్యక్షమవుతుంది. అక్షాంశ రేఖాంశాలు తారుమారైనాయి. కొత్తవారికి ఇది దిగ్భ్రమ. పాతవారికి ఇది వందసార్లు విన్న పాట.

ఇక్కడే నైతిక పరీక్ష మొదలవుతుంది. 'వివరణ పుస్తకం చదవండి' అని ఒక్క వాక్యంతో పంపివేయవచ్చు. అది అబద్ధం కాదు. సమాధానం పుస్తకంలో ఉండే ఉంటుంది. కాని అంత పెద్ద పుస్తకంలో ఏ పుట చూడాలో తెలిసినవాడు అసలు ప్రశ్న అడగడు. ఏ మాటతో వెతకాలో తెలియకపోవడమే కొత్తదనం. పైగా ఈ పొరపాటు అడిగినవారి అజ్ఞానం వల్ల మాత్రమే పుట్టినది కాదు. భూమాపన సంప్రదాయంలో అక్షాంశం ముందు వస్తుంది. గణితంలో అడ్డుకొలత ముందు వస్తుంది కనుక అనేక సాఫ్ట్‌వేర్లు రేఖాంశాన్ని ముందు పెడతాయి. 2019లో విడుదలైన జి.డి.ఎ.ఎల్. మూడవ సంచిక ఈ క్రమాన్ని ప్రమాణ గ్రంథాల ప్రకారం పాటించడం మొదలుపెట్టినప్పుడు ఆరితేరిన వృత్తినిపుణులు సైతం తికమకపడ్డారు. విద్యార్థి వేసిన 'చిన్న' ప్రశ్న రెండు శాస్త్రాల మధ్య ఉన్న పాత పేచీని తాకింది.

మంచి సమాధానం ఇచ్చేవారు మూడు పనులు చేస్తారు. కారణం చెబుతారు, పరిష్కారం చూపుతారు, ఆ తరువాత ఆ ప్రశ్నను వివరణ పుస్తకంలో సులువుగా కనిపించే చోట చేర్చమని అడిగిన విద్యార్థినే కోరతారు. ఈ మూడవ పనిలోనే స్వాగతానికి అసలు అర్థం ఉంది. అతిథిని ఎవరూ పని చేయమనరు. పీట వేసి, నీళ్లిచ్చి, భోజనం పెట్టి, సాగనంపుతారు. ఇంటి మనిషిని మాత్రమే చేయి కలపమంటారు. కొత్తగా వచ్చినవారికి ఒక చిన్న బాధ్యత అప్పగించడం వారిని గౌరవించే మార్గాలలో శ్రేష్ఠమైనది. మెచ్చుకోలు మాటలు, స్వాగత వచనాలు దానికి ప్రత్యామ్నాయం కావు.

ఆ చిన్న దిద్దుబాటు స్వీకరింపబడినప్పుడు, దాని పక్కన చేసినవారి పేరు, తేదీ శాశ్వతంగా నమోదవుతాయి. మార్పుల చరిత్ర అంతా వేలాది కంప్యూటర్లలో ప్రతులుగా ఉంటుంది కనుక ఒక పీఠిక తొలగించినంత సులువుగా ఒక పేరును ఎవరూ రహస్యంగా తొలగించలేరు. సిక్దార్‌కు జరిగినది ఈ పద్ధతిలో జరగడం కష్టం. అయితే పేరు నమోదు కావడమూ, మనిషికి చోటు దొరకడమూ ఒకటి కావు. ఒక యంత్రాంగం పేరును కాపాడగలదు. ఆదరించడం మనుషులే చేయవలసిన పని.

కొత్తవారు తెచ్చే ఎరుక

లోపల ఉన్నవారికి తెలియనిది బయటివారికి తెలిసి ఉండడం అరుదేమీ కాదు. భారతదేశపు పాత స్థలాకృతి పటాలు 1830 నాటి ఎవరెస్టు దీర్ఘవృత్తాభాసం మీద, మధ్యప్రదేశ్‌లోని కళ్యాణ్‌పూర్ మూలబిందువుగా రూపొందాయి. నేటి ఉపగ్రహ స్థాననిర్ణయ పరికరాలు మరొక ప్రమాణాన్ని అనుసరిస్తాయి. ఒకదాని మీద మరొకటి పరిస్తే బావి పొలం దాటి, గుడి రోడ్డు దాటి కనిపిస్తాయి. 2005 నాటి జాతీయ పటాల విధానం ప్రజల కొరకు వెలువరించే పటాలను అంతర్జాతీయ ప్రమాణానికి మార్చింది. కాని పాత పటాలు కార్యాలయాల బీరువాలలో ఇంకా ఉన్నాయి, వాటిలో నేడు పూడిపోయిన చెరువుల ఆనవాళ్లున్నాయి. వాటిని సరిగా సంధించడానికి సాఫ్ట్‌వేర్‌లో ఏ లోటు ఉందో యూరప్‌లో కూర్చున్న నిర్మాతకంటె తాలూకా కచేరీలో పటం విప్పిన మనిషికి బాగా తెలుస్తుంది.

లిపి విషయం మరొకటి. నది వంపు వెంబడి దాని పేరు రాయవలసి వచ్చినప్పుడు ఒక్కొక్క అక్షరాన్ని విడిగా తిప్పి అమర్చడం ఇంగ్లీషుకు సరిపోతుంది. 'కృష్ణా' అనే పేరును ఆ విధంగా విడదీస్తే వట్రసుడి ఒక చోట, ణకారపు ఒత్తు మరొక చోట పడి నది పేరు చదవరాకుండా పోతుంది. భారతీయ లిపులను విరిచే ఇటువంటి లోపాలు పటాల సాఫ్ట్‌వేర్లలో ఏళ్ల తరబడి కొనసాగాయి. నిర్మాతలు అశ్రద్ధ చేశారని కాదు; వారి కంటికి అది లోపంగా ఆనలేదు. తన లిపిని చదువుకొన్న మనిషి వచ్చి చెబితే తప్ప అది లోపమని తెలియదు. ఆ మనిషికి మొదటి రోజున ఎదురైన మాట కఠినంగా ఉంటే రెండవ రోజు రాడు. లోపం మిగిలిపోతుంది; మిగిలిందని కూడా ఎవరికీ తెలియదు.

అందువల్ల ఆదరణ మర్యాదకు సంబంధించిన విషయమే కాదు, సత్యానికి సంబంధించినది కూడా. ఎవరు మాట్లాడగలరన్నదాన్ని బట్టే పటంలో ఏమి కనబడుతుందన్నది నిర్ణయమవుతుంది. రావలసినవారు రాని పటం తప్పులున్నాయని తెలియని పటంగా మిగులుతుంది.

గుమ్మం వేరు, తాళంచెవి వేరు

దీనికి ప్రతివాదం బలమైనదే. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను ఊరుమ్మడి చెరువుతో పోల్చడం పరిపాటి. పోలికలో ఒక తేడాను గమనించాలి. చెరువు నీరు తోడినకొద్దీ తరుగుతుంది. సాఫ్ట్‌వేర్ ఎంతమంది వాడినా తరగదు. తరిగేది వేరొకటి: దాన్ని చూచుకొనేవారి సమయం, ఓపిక. చెరువుకు నీరటికాడు ఉన్నట్లు ప్రతి సాఫ్ట్‌వేర్‌కూ కొద్దిమంది నిర్వాహకులుంటారు. వారిలో చాలామంది వేరే ఉద్యోగాలు చేసుకొంటూ రాత్రివేళలలో ఈ పని చేస్తారు. ఒక కొత్తవారు పంపిన యాభై పంక్తుల మార్పును సరిచూడడానికి నిర్వాహకులు తామే దాన్ని రాసుకొనే కంటె ఎక్కువ సమయం వెచ్చించవలసి రావచ్చు. చేర్చిన మార్పును ఆ తరువాత ఏళ్ల తరబడి మోయవలసినదీ వారే. అందరినీ ఆదరించమని వారికి బోధించడం తేలిక. ఆ ఆదరణ ఖరీదు బోధించేవారు చెల్లించడం లేదు.

అంతకంటె తీవ్రమైన ఆక్షేపణ నమ్మకానికి సంబంధించినది. దత్తాంశాన్ని కుదించి భద్రపరచే ఎక్స్.జెడ్. అనే చిన్న ఉపకరణం మీద లోకంలోని అసంఖ్యాక కంప్యూటర్లు ఆధారపడి ఉన్నాయి. దాని కుదింపు పద్ధతిని పటాల చిత్రాలను భద్రపరచడానికి వాడే వీలు కూడా ఉంది. దానిని ఒకే ఒక్క నిర్వాహకుడు, అలసిపోయిన స్థితిలో, చూచుకొంటూ వచ్చాడు. 2021 నుండి ఒక అజ్ఞాత వ్యక్తి ఓర్పుతో, వినయంతో సహాయం చేస్తూ వచ్చాడు. మరికొన్ని అపరిచిత పేర్లు పని నత్తనడకన సాగుతున్నదని నిర్వాహకుణ్ణి ఎత్తిపొడిచాయి. చివరకు ఆ అజ్ఞాత వ్యక్తికి అధికారం దక్కింది. 2024లో అతడు దొంగదారిని చేర్చిన సంచికలను విడుదల చేశాడు. లాగిన్ కావడానికి అర సెకను ఆలస్యమెందుకవుతున్నదని ఒక ఇంజనీరు ఆరా తీయడంతో ఆ ఏడాది మార్చి నెలాఖరున విషయం బయటపడింది. ఆదర్శ సహకర్తకు ఉండవలసిన లక్షణాలన్నీ ఆ మోసగాడు ప్రదర్శించాడన్నది కలవరపరచే నిజం.

ఈ ఉదంతం నుండి తలుపులు మూసివేయాలన్న పాఠం తీసుకొనేవారున్నారు. నిదానించి చూస్తే అది చెప్పేది మరొకటి. మోసం సాధ్యమైనది తలుపు తెరచి ఉన్నందువల్ల కాదు. లోపల ఒక్కడే ఉన్నందువల్ల. ఆ ఒక్కని అలసటే మోసగానికి ఆయుధమైంది. తోడు ముగ్గురు నలుగురు ఉండి ఉంటే ఒకరి అలసట మరొకరి జాగరూకతతో పూడేది. అటువంటి తోడు కొత్తవారిని ఏళ్ల తరబడి తీర్చిదిద్దితేనే సమకూరుతుంది. దాపరికం లేని పద్ధతి కనుకనే బయటి మనిషి ఒకరు మూలాన్ని తరచి చూచి దోషాన్ని పట్టుకోగలిగారు.

కనుక రెండు విషయాలను విడదీసి చూడాలి. గుమ్మం తెరవడం వేరు, తాళంచెవి ఇవ్వడం వేరు. గౌరవం వచ్చిన ప్రతివారికీ మొదటి రోజునే దక్కవలసినది. దానికి అర్హత పరీక్ష లేదు. నమ్మకం కాలం మీద, పని మీద, పలువురి పరిశీలన మీద పెరగవలసినది. దానికి దగ్గరదారి లేదు. ఈ రెండింటినీ కలగాపులగం చేసినప్పుడే రెండు రకాల తప్పులు జరుగుతాయి. నమ్మలేము కనుక అవమానించవచ్చునని కొందరు అనుకొంటారు. అవమానించరాదు కనుక వెంటనే నమ్మాలని మరికొందరు అనుకొంటారు. సిక్దార్ విషయంలో సర్వే అధికారులు దీనికి విపర్యయంగా ప్రవర్తించారు: ఆయన లెక్కలను నమ్మారు, ఆయన పేరును గౌరవించలేకపోయారు.

ఈ విభజన కొత్తవారి మీద కూడా కొన్ని విధులను మోపుతుంది. అడగడానికి ముందు కొంత వెతకాలి. తాము పంపిన దానికి తామే జవాబుదారీ వహించాలి. కృత్రిమ మేధ సాధనాలు క్షణాలలో వందల పంక్తుల రచనను సృష్టించగలుగుతున్న ఈ కాలంలో ఈ విధికి ప్రాముఖ్యం హెచ్చింది. తమకే అర్థం కాని రచనను తమ పేరుతో పంపేవారు తమ శ్రమను పూర్తిగా నిర్వాహకుల నెత్తిన వేస్తున్నారు. అటువంటిదాన్ని నిరాకరించడం అనాదరం కాదు. కాని నిరాకరణకు కారణం చెప్పాలి, నిరాకరణ రచనకే గాని మనిషికి కారాదు. 'ఇది పనికిరాదు' అనడానికీ 'నీవు పనికిరావు' అనడానికీ ఉన్న తేడా వ్యాకరణంలో చిన్నది, జీవితంలో పెద్దది.

తీర్చుకొనే తీరు

మనిషి కొన్ని ఋణాలతోనే పుడతాడని భారతీయ సంప్రదాయం చెబుతుంది. వాటిలో ఋషి ఋణం ఒకటి. విద్యను అందించిన పూర్వులకు పడిన ఆ బాకీని వారికి తిరిగి చెల్లించడం సాధ్యం కాదు. వారు ఇచ్చినదానికి వెల లేదు, వారిలో చాలామంది లేరు కూడా. దానిని అధ్యయనం చేతనే తీర్చాలన్నారు. అధ్యయనమన్నది ఒకరితో ఆగేది కాదు. నేర్చినది మరొకరికి అందినప్పుడే అది సాగుతుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు ఈ భావన కంటె తగిన నీతి దొరకదు. క్యూ.జి.ఐ.ఎస్. తెరచిన విద్యార్థికి దానిని నిర్మించినవారి పేర్లు తెలియవు. వారికి డబ్బు చెల్లించలేదు. ఆ విద్యార్థి ఋణం తీరే దారి ఒక్కటే: తన తరువాత వచ్చి అదే స్వాల్‌బార్డ్ మంచులో హైదరాబాదును వెతుక్కొనే మరొక విద్యార్థికి దారి చూపడం.

ఈ ఋణం వ్యక్తులకే పరిమితం కాదు. భారత ప్రభుత్వం 2015లో ప్రభుత్వ వ్యవస్థలలో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యమిచ్చే విధానాన్ని ప్రకటించింది. 2021 ఫిబ్రవరిలో వెలువడిన మార్గదర్శకాలు భారతీయ సంస్థలు, పౌరులు పటాలను, భౌగోళిక దత్తాంశాన్ని తయారుచేసుకోవడానికి ముందస్తు అనుమతుల అవసరాన్ని తొలగించాయి. 2022 డిసెంబరులో జాతీయ జియోస్పేషియల్ విధానం వచ్చింది. ఇవి గుమ్మాలను తెరచిన నిర్ణయాలు. ఇక మిగిలినది లోపల పని పంచుకోవడం. కార్యాలయంలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాడడం లైసెన్సు ఖర్చును ఆదా చేసే ఉపాయంగా మాత్రమే దస్త్రాలలో నమోదైతే అది ఉచితాన్ని పుచ్చుకొనడమే అవుతుంది. వాడకంలో కనిపించిన లోపాన్ని నివేదించడానికి, తెలుగు పదాలను సమకూర్చడానికి ఒక ఉద్యోగికి వారంలో కొన్ని గంటలు అధికారికంగా కేటాయించిన నాడు అది స్వేచ్ఛలో పాలుపంచుకొనడమవుతుంది. ఇందుకు పెద్ద పథకాలు, ప్రత్యేక నిధులు అక్కరలేదు. ఆ పనిని పనిగా గుర్తించే ఒక ఉత్తర్వు చాలు.

హైదరాబాదు నగరానికి ఈ విషయంలో ఒక ప్రత్యేక స్థానం ఉంది. సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉప్పల్‌లో ఉంది. జాతీయ దూరసంవేదన కేంద్రం బాలానగర్‌లో ఉంది. భూమిని కొలిచే విద్యకు కొత్తగా వచ్చే యువతీయువకులు ఏటేటా ఈ నగరంలో అడుగుపెడుతున్నారు. వారిలో చాలామంది తెలుగులో ఆలోచిస్తారు, ఇంగ్లీషులో తడబడుతూ ప్రశ్న రాస్తారు, పంపే ముందు రెండుసార్లు చెరిపివేస్తారు. తెరకు అవతల ఉన్నవారికి ఆ చెరిపివేత కనబడదు. వారు చూడగలిగేది చివరకు వచ్చిన రెండు పొడి వాక్యాలను మాత్రమే. ఆ రెండు వాక్యాల వెనుక ఎంత జంకు ఉన్నదో ఊహించగలిగినవారే నిజమైన పాతవారు. ఎందుకంటే వారు తమ మొదటి రోజును మరచిపోలేదు.

1831లో ఇరవయ్యేళ్లు నిండని ఒక యువకుడు సర్వే కార్యాలయంలో అడుగుపెట్టినప్పుడు అతని చేత లెక్కలు చేయించుకోవడం ఎలాగో ఆ కార్యాలయానికి తెలుసు. అతని కృషిని తమ కృషితో సమానంగా నిలబెట్టుకోవడం ఎలాగో అది నేర్చుకోలేదు. ఆ పాఠం నేర్చుకోవడానికి అవసరమైన సాధనాలన్నీ నేటివారి చేతిలో ఉన్నాయి. రేపు ఉదయం ఎవరో ఒకరు తమ ఊరు పటంలో తప్పు చోట కనబడుతున్నదని రాస్తారు. వారికి ఎవరు, ఏ మాటలతో బదులిస్తారన్నదే ఇక మిగిలిన ప్రశ్న.